తెర మీది వక్త మాట మండపం చివరి వరస దాకా అందాలంటే

ముందుగా మీ ప్రశ్న సారాంశం, మిగతావాళ్ళకీ తెలియాలి కాబట్టి. కావలిలో ఒక కల్యాణ మండపం, డిసెంబరులో ఒక ఆదివారం తిక్కన మీద సాహిత్య సభ, నూట యాభై మంది శ్రోతలు. వేదిక మీద నలుగురు వక్తలు, దూరం నుంచి జూమ్‌లో ముగ్గురు: డల్లాస్‌లో ఉన్న ఒక అధ్యాపకుడు, హైదరాబాదులో ఎనభై దాటిన పెద్దాయన, బెంగళూరు నుంచి పద్యాలు పాడే ఒకావిడ. పోయినేడు ఇట్టాంటి సభలోనే స్పీకర్లు కీచుమన్నాయి, వక్తకి తన మాటే తిరిగి చెవిలో పడి తడబడ్డారు, ‘వినబడుతోందా’ అనుకోవడంతోనే పావుగంట పోయింది. ఈసారి నెట్ స్పీడు పెంచుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండీ. మీరు చెప్పిన మూడింట్లో నెట్ వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. జూమ్ సమావేశంలో 720 నాణ్యత (హెచ్‌డీ) బొమ్మకి రానూ పోనూ 3 ఎంబీపీఎస్ లోపే చాలు, ఒట్టి మాటకైతే 100 కేబీపీఎస్ కూడా పట్టదు. 100 ఎంబీపీఎస్ లైను వేయించుకున్నా ఆ కీచు అట్టాగే ఉంటుంది, ఎందుకంటే అది పుట్టేది మీ మైక్‌సెట్‌లో.

ఎట్టా పుడుతుందో చూడండి. డల్లాస్ ఆయన మాట లాప్‌టాప్‌లోంచి యాంప్లిఫయర్‌కి, అక్కణ్ణుంచి హాలు స్పీకర్లకి వస్తుంది. పోడియం మైకు ఆ మాటని మళ్ళీ పట్టుకుని లాప్‌టాప్‌కి పంపిస్తుంది, అది తిరిగి డల్లాస్ చేరుతుంది. ఆయన గొంతు ఆయనకే అర సెకనో సెకనో ఆలస్యంగా వినబడుతుంది. ఎంత మాటకారైనా తన గొంతే వెనకనించి తరుముతుంటే నాలుగు వాక్యాలు సాఫీగా చెప్పలేడు. ఆపైన ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకోకుండా వింటున్నాడనుకోండి, తిరిగొచ్చిన మాట ఆయన మైకులో పడి మళ్ళీ మీ హాలుకి వస్తుంది. అట్టా చుట్టూ తిరిగి తిరిగి అరుపవుతుంది. పైగా కల్యాణ మండపాల్లో నేల టైల్సు, గోడలు నున్నటి పెయింటు. మాట ఎక్కడా ఇంకదు.

కాబట్టి హాల్లో ఎవరు మాట్లాడినా దూరపు వక్తకి వినబడాలి, ఆయన మాట మాత్రం ఆయనకి తిరిగి పోకూడదు. సౌండు పనివాళ్ళు దీన్ని మిక్స్ మైనస్ అంటారు. దీనికి మీకు కావలసింది ఆక్స్ సెండ్ ఉన్న చిన్న మిక్సర్, ఆరు ఛానళ్ళది చాలు. మిక్సర్ అంటే మైకుల మాటలన్నీ కలిపే పెట్టె. ఆక్స్ సెండ్ అంటే హాలు స్పీకర్లకి పోయేది కాకుండా, ఏ ఛానల్ మాట ఎంత కలపాలో మనమే ఎంచుకుని విడిగా బయటికి పంపే దారి. మీ మైక్‌సెట్ అబ్బాయి దగ్గర ఉందో లేదో ఇవాళే అడగండి.

మిక్సర్‌లో ఒకటో ఛానల్ పోడియం మైకు, రెండోది కార్డ్‌లెస్ చేతి మైకు, మూడోది సభ నడిపేవారి మైకు. లాప్‌టాప్ మాట స్టీరియో ఛానల్లోకి, సాధారణంగా 5/6. ఇప్పుడు ప్రతి ఛానల్లోనూ ఆక్స్ అని ఒక నాబ్ ఉంటుంది. మైకుల ఛానళ్ళలో దాన్ని గడియారం పన్నెండు చూపించే చోటికి తిప్పండి. లాప్‌టాప్ ఛానల్లో మాత్రం పూర్తిగా సున్నాకి. ఆక్స్ సెండ్ సాకెట్ నుంచి తీగ తీసుకుని యూఎస్‌బీ సౌండ్ కార్డులోకి (లాప్‌టాప్ యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చే ఆడియో పరికరం), దాన్నుంచి లాప్‌టాప్‌కి. ఇంతే. లాప్‌టాప్ ఛానల్ మీది ఆ ఒక్క నాబ్ మీద తెల్ల టేపు ముక్క అడ్డంగా అంటించి పెన్నుతో ‘ముట్టవద్దు’ అని రాయండి. మీ పోయినేటి తంటా మళ్ళీ రావాలంటే ఎవరైనా ఆ నాబ్‌ని ఒక్క గీత తిప్పితే చాలు.

కొన్ని చిన్న మిక్సర్ల మీద ఆక్స్ అని ఉండదు, ఎఫ్ఎక్స్ అని ఉంటుంది. పని అదే చేస్తుంది, కాకపోతే ఛానల్ ఫేడర్ (ఆ ఛానల్ సౌండు పెంచే, తగ్గించే మీట) తగ్గిస్తే అక్కడికి పోయే మాటా తగ్గుతుంది. హాల్లో సౌండు తగ్గించగానే దూరపు వక్తకీ తగ్గిపోతుందని గుర్తుంచుకోండి. ఇంకో సంగతి, మైక్‌సెట్ వాళ్ళకి ఎకో అంటే ప్రాణం. మైకుకి ఎకో పెట్టకపోతే డబ్బులకి న్యాయం చెయ్యలేదని బాధపడతారు. పెళ్ళిలో బాగుంటుంది. జూమ్ పెట్టుకున్న సభలో ఎకో పూర్తిగా ఆఫ్. ఆ అబ్బాయితో ముందే మర్యాదగా చెప్పి ఒప్పించండి, సభ మధ్యలో కాదు.

మన దగ్గర చాలామంది దగ్గర ఉండేది మిక్సర్ కాదు, ఆహూజా యాంప్లిఫయర్. దాని లైన్ అవుట్‌లో లాప్‌టాప్ మాటతో సహా అన్నీ కలిసే వస్తాయి, విడదీయడానికి లేదు. ఆ తీగని లాప్‌టాప్‌కి పెట్టారంటే సమస్యని మీరే తయారుచేసుకున్నట్టు. అప్పుడు రెండు దారులు. ఒకటి, పోడియం దగ్గర రెండో మైకు పెట్టి దాన్ని యాంప్లిఫయర్‌కి కాకుండా నేరుగా యూఎస్‌బీ సౌండ్ కార్డుకి కలపడం. రెండోది ఇంకా తేలిక: దూరపు వక్త మాట్లాడుతున్నంతసేపూ మీ లాప్‌టాప్‌ని జూమ్‌లో మ్యూట్ చేసి, హాల్లో ఎవరైనా మాట్లాడేటప్పుడే తెరవడం. దీనికి ఒక మనిషి కళ్ళు ఆర్పకుండా కూర్చోవాలి, చప్పట్లు ఆ వైపు వినబడవు, కానీ అరుపు రాదు. మిక్సర్ అద్దెకి దొరికే చోట ఈ తిప్పలు ఎందుకు.

మిక్సర్ ఉన్నా దూరపు వక్త మాట్లాడేటప్పుడు హాలు మైకుల ఫేడర్లు దించాలి. తీగల్లో దారి మూసినా గాల్లో దారి తెరిచే ఉంటుంది కదా. సభ నడిపేవారి మైకు ఒక్కటి సగంలో ఉంచండి.

ఇక తీగలు. లాప్‌టాప్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి మిక్సర్ స్టీరియో ఛానల్‌కి రెండు పిన్నులుగా చీలే తీగ కావాలి. షాపులో ‘ఈపీ టు రెండు పీ38’ అంటే ఇస్తారు. ఇక్కడే ఒక తప్పు తరచుగా జరుగుతుంది. ఇటు స్టీరియో ఈపీ పిన్ను, అటు మైకు కేబుల్‌కి ఉండే మూడు కాళ్ళ క్యానన్ పిన్ను ఉన్న తీగ తెచ్చి మైకు ఇన్‌పుట్‌లో గుచ్చుతారు. ఆ ఇన్‌పుట్ రెండు తీగల మధ్య తేడాని మాత్రమే తీసుకుంటుంది. జూమ్ మాట ఎడమా కుడీ ఒకటే కాబట్టి తేడా సున్నా. మాట దాదాపు మాయమైపోయి, బావిలోంచి వచ్చినట్టు సన్నగా ఏదో వినబడుతుంది. అందరూ డల్లాస్ ఆయన మైకుని తిట్టుకుంటారు, తప్పు పక్కనున్న తీగది.

లాప్‌టాప్‌కి ఒకే రంధ్రం ఉంటే మైకూ ఇయర్‌ఫోనూ కలిపి నాలుగు గీతల పిన్ను అడుగుతుంది. మిక్సర్ నుంచి వచ్చే మామూలు మూడు భాగాల పిన్ను అందులో పెడితే లాప్‌టాప్ దాన్ని ఇయర్‌ఫోన్ అనుకుని తన సొంత మైకునే వాడుతూ ఉంటుంది. అందుకే యూఎస్‌బీ సౌండ్ కార్డు అన్నాను. లైన్ ఇన్‌పుట్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ అయితే శ్రేష్ఠం. చవక యూఎస్‌బీ సౌండ్ కార్డులో (డాంగిల్) ఉండేది మైకు స్థాయి ఇన్‌పుట్ కాబట్టి ఆక్స్ మాస్టర్‌ని, అంటే ఆక్స్‌లో పోయే మొత్తం సౌండు నాబ్‌ని, బాగా తగ్గించి పెట్టాలి, లేదంటే మాట చిట్లుతుంది.

స్పీకర్లలో ‘జుయ్’మని హోరు వస్తే లాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. ఆగిందంటే ఎర్తింగ్ తేడా. లాప్‌టాప్‌నీ మిక్సర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి, అప్పటికీ పోకపోతే ఆ రెంటి మధ్య ఆడియో తీగకి ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వేయండి. ఛార్జర్ మూడో కాలు విరగ్గొట్టే వైద్యం మాత్రం చెయ్యొద్దు.

లాప్‌టాప్‌లో చూడాల్సినవి నాలుగైదు. జూమ్ ఆడియో సెట్టింగ్స్‌లో మైకుగా యూఎస్‌బీ కార్డుని ఎంచుకోండి. మైకు వాల్యూమ్‌ని దానంతట అదే సర్దుకునే టిక్కు తీసేయండి, లేకపోతే హాల్లో ఎవరూ మాట్లాడనప్పుడు అది వాల్యూమ్ పెంచి ఫ్యాన్ల చప్పుడంతా డల్లాస్‌కి మోస్తుంది. ప్రొజెక్టర్ హెచ్‌డీఎంఐ తీగ గుచ్చగానే విండోస్ సౌండుని ప్రొజెక్టర్ వైపు తిప్పేస్తుంది. రిహార్సల్‌లో బాగున్న సౌండు సభలో మూగబోవడానికి చాలాసార్లు కారణం ఇదే. తీగ గుచ్చాక స్పీకరుగా ఇయర్‌ఫోన్ అవుట్‌పుట్‌ని మళ్ళీ ఎంచుకోవాలి. స్లీప్ ఎప్పుడూ వద్దని పెట్టండి, విండోస్ అప్‌డేట్ ఆ వారానికి ఆపండి, వాట్సాప్ వెబ్ మూసేయండి. మీ ఇంటి కిరాణా జాబితా తెర మీద తేలితే జనం తిక్కనని వదిలేసి అదే చదువుతారు. మామూలు హెచ్‌డీఎంఐ తీగ పదీ పదిహేను మీటర్లు దాటితే బొమ్మ ఆగి ఆగి వస్తుంది, అందుకని మిక్సర్, లాప్‌టాప్, ప్రొజెక్టర్ మూడింటినీ వేదికకి పక్కగా ఒకే మూలకి చేర్చండి. మండపం వాళ్ళు సౌండు బల్లని వెనక భోజనాల హాలు గుమ్మం దగ్గర వేస్తారు, ఒప్పుకోకండి.

రెండో లాప్‌టాప్ తప్పనిసరి. మొదటిది తెరకి, దాన్ని సభ జరిగేటప్పుడు ఎవరూ తాకకూడదు. రెండోది నడిపే మనిషికి: వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వడం, మ్యూట్ చెయ్యడం, మాట్లాడే వక్తని స్పాట్‌లైట్ చెయ్యడం. పిన్ చేస్తే మీ ఒక్క తెర మీదే పెద్దగా కనబడతారు, స్పాట్‌లైట్ చేస్తే అందరికీ కనబడతారు. రెండో లాప్‌టాప్‌ని కోహోస్ట్ (హోస్టుతో పాటు సమావేశం నడిపే హక్కున్నవారు) చేసి ఉంచండి, మొదటిది ఆగిపోయినా సమావేశం చెదరదు. దానికి ఆడియో అసలు కలపొద్దు. మైకు మ్యూట్ చేస్తే చాలదు, స్పీకరూ మోగకూడదు. ఒకే గదిలో రెండు యంత్రాలు ఒకే సమావేశంలో నోరు తెరిస్తే అరుపు ఖాయం.

మూడోది ఒక ఫోను, శ్రోతల వైపు తిప్పి స్టాండుకి బిగించాలి, అదీ ఆడియో లేకుండానే. దీన్ని చాలామంది దండగ అనుకుంటారు. కాదు. దూరపు వక్తకి ఎదురుగా నల్లటి తెర తప్ప ఏమీ కనబడకపోతే, చమత్కారం విసిరినా ఒక్క నవ్వూ వినబడకపోతే, మూడో నిమిషానికే గొంతులో ఉత్సాహం చస్తుంది. ఎదుట మనుషులు కనబడితే పదిహేను నిమిషాలూ నిలబెడతారు. వేదిక మీద కూర్చున్నవాళ్ళకి తెర వీపు వెనక పడుతుంది కాబట్టి వాళ్ళకి ఎదురుగా కింద ఒక చిన్న టీవీ పెట్టండి, మెడలు తిప్పుకునే బాధ ఉండదు.

జూమ్ ఖాతా సంగతి. ఉచిత ఖాతాలో సమావేశం 40 నిమిషాలకి ఆగిపోతుంది. డబ్బు కట్టిన ఖాతా ఒక్క హోస్టుకి ఉంటే చాలు, ఒక నెలకి తీసుకుని రద్దు చేసుకోవచ్చు. వెబినార్ (ఎక్కువమంది చూసేందుకు పెట్టే వేరే రకం జూమ్ సభ) అక్కర్లేదు, మీ సమావేశంలో ఉండేది పది లోపు కనెక్షన్లే. లింకు ముగ్గురు వక్తలకి తప్ప ఎవరికీ ఇవ్వొద్దు, ముఖ్యంగా వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. వెయిటింగ్ రూమ్ ఆన్, తెర పంచుకునే హక్కు హోస్టుకే.

యంత్రాల సంగతి అది. మనుషుల దగ్గరికి వస్తే, మీ దగ్గర లోపించింది ఒక్కటే అనిపిస్తోంది: దూరపు వక్తల కోసం ప్రత్యేకంగా ఒక మనిషి. సౌండు చూసే అబ్బాయి కాదు, సభ నడిపేవారు కాదు. వేదిక మీదికొచ్చే వక్తకి గుమ్మం దగ్గర ఒకరు ఎదురెళ్ళి, కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, ‘మీ తర్వాత ఫలానా వారండీ’ అని చెవిలో చెప్తారు కదా. తెర మీద వచ్చేవారికి ఆ మర్యాద ఎవరూ చెయ్యరు. లింకు పంపించి ఊరుకుంటాం. మీ సంఘంలో కాస్త నెమ్మదస్తులైన పిలకాయల్లో ఒకర్ని దీనికే కేటాయించండి. చేతిలో ఫోను, ముగ్గురు వక్తల నంబర్లు, వాళ్ళ ఇంట్లో ఇంకొకరి నంబరు కూడా. ఆ రోజంతా వేరే పని ఉండకూడదు, టీలు అందించే పని కూడా.

రిహార్సల్ మూడు రోజుల ముందు, ఒక్కొక్కరితో విడిగా, పదిహేను నిమిషాలు. ఏ గదిలో, ఏ కుర్చీలో, ఏ ఫోనుతో మాట్లాడబోతున్నారో అదే పెట్టుకుని, సభ జరిగే వేళకే. పొద్దున కిటికీ వెలుతురు బాగున్న గది సాయంత్రం చీకటి గుహ కావచ్చు. కిటికీ గాని లైటు గాని ముఖానికి ఎదురుగా ఉండాలి, వీపు వెనక ఉంటే ముఖం నల్లగా పోతుంది. కెమెరా కళ్ళ ఎత్తున, లాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెడితే సరిపోతుంది, సాహిత్య సభ వక్తల ఇళ్ళలో వాటికి కొదవుండదు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ వాడమనండి. బ్లూటూత్‌ది మైకు కూడా పనిచెయ్యాల్సి వచ్చినప్పుడు ధ్వని నాణ్యత తగ్గించుకుంటుంది, పైగా ఛార్జింగ్ సరిగ్గా మీ సభలోనే అయిపోతుంది.

పెద్దాయన విషయం. ఆయనచేత లింకు నొక్కించడం, పేరు మార్పించడం, తెర పంచించడం ఇవేవీ పెట్టుకోవద్దు. మనవడో కోడలో పక్కన ఉండేట్టు మాట తీసుకోండి, రిహార్సల్ కూడా వాళ్ళతోనే చెయ్యండి. ఫోనుతో మాట్లాడితే అడ్డంగా స్టాండుకి బిగించాలి, ఛార్జర్ గుచ్చే ఉంచాలి, డు నాట్ డిస్టర్బ్ పెట్టాలి. ఫోను మోగితే జూమ్‌లో మాట ఆగిపోతుంది, ఎత్తకపోయినా. స్లయిడ్లు ఉంటే మీ లాప్‌టాప్ నుంచే నడపండి, ‘తర్వాతిది’ అని ఆయన అనగానే మార్చాలి. స్లయిడ్లు తెప్పించుకునేటప్పుడు పీడీఎఫ్ కూడా అడగండి. అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత రకం తెలుగు ఫాంట్లు) టైపు చేసిన పీపీటీ ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే తిక్కన పద్యం కాస్తా ఇంగ్లిషు గుర్తుల కుప్ప అయిపోతుంది. పెద్దాయన్ని రాత్రి దాకా కూర్చోబెట్టకుండా ముగ్గురిలోనూ ముందు పెట్టండి.

పద్యాలు పాడే ఆవిడ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. జూమ్‌కి మాట తెలుసు, రాగం తెలియదు. చివరి పాదం మీద రాగం ఎత్తుకుని ఒక స్వరాన్ని పది సెకన్లు నిలబెడితే, కదలకుండా మోగుతున్న శబ్దం కాబట్టి దాన్ని ఫ్యాన్ హోరో ఏసీ చప్పుడో అనుకుని కోసేస్తుంది. వినేవాళ్ళకి గొంతు మునిగీ తేలీ వస్తుంది, శ్రుతి అయితే పూర్తిగా మాయం. దీనికి మందు ఆవిడ వైపు జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చెయ్యడం. సెట్టింగ్స్‌లో ఒకసారి తెరిచి, సమావేశంలోకి వచ్చాక తెర పైన ఎడమ మూల మళ్ళీ ఆన్ అయిందో లేదో చూడాలి. ఇది ఆన్ చేస్తే జూమ్ చప్పుళ్ళని వడకట్టడం మానేస్తుంది కాబట్టి ఆవిడ గదిలో ఫ్యాన్ ఆపాలి, ఇయర్‌ఫోన్ తప్పనిసరి. మీ హాలు లాప్‌టాప్‌లో మాత్రం దీన్ని పొరపాటున కూడా ఆన్ చెయ్యొద్దు, అక్కడ ఆ వడపోతే మీకు రక్ష.

హాల్లో హార్మోనియం వాయించేవారిని ఆవిడకి జతచేద్దామని ఎవరైనా ఉత్సాహపడితే వద్దనండి. మాట అటూ ఇటూ వెళ్ళొచ్చే ఆలస్యంలో ఇద్దరూ కలవడం జరగని పని. శ్రుతి ఆవిడ దగ్గరే, ఇంకో ఫోనులో శ్రుతి యాప్ పెట్టుకోవచ్చు.

డల్లాస్ ఆయనతో చిక్కు గడియారం. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. డిసెంబరులో డల్లాస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక, వేసవిలో పదిన్నర. మీరు ఉదయం 10కి సభ పెడితే ఆయనకి శనివారం రాత్రి 10:30. ఆదివారం అని మాత్రమే చెప్తే ఆయన ఆదివారమే కూర్చుంటాడు, అప్పటికి మీ భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి. సాయంత్రం సభ మేలు. ఏ సందేశం పంపినా రెండు ఊళ్ళ టైమూ, రెండు ఊళ్ళ వారమూ రాయాలి. ఇట్టా ఉంటే చాలు:

‘నమస్కారమండీ. మీ ప్రసంగం కావలి టైము ఆదివారం సాయంత్రం 7:00కి, డల్లాస్ టైము ఆదివారం ఉదయం 7:30కి. దయచేసి 30 నిమిషాల ముందే, మీ 7:00కే లోపలికి రండి, నేను అక్కడే ఉంటాను. ప్రసంగం 15 నిమిషాలు, ప్రశ్నలు 5. మీకు ముందు హాల్లో ఒక ప్రసంగం జరుగుతుంటుంది, మీకు వినబడుతుంది. మీరు మాట్లాడేటప్పుడు యూట్యూబ్ తెరవకండి. లైను తెగితే అదే లింకుతో మళ్ళీ రండి, నేనూ మీ ఫోనుకి చేస్తాను. 5 నిమిషాలు ఉందనగా వాట్సాప్‌లో 5 అని పంపిస్తాను, ఆ ఫోను కళ్ళముందు పెట్టుకోండి.’

ఆ చివరి వాక్యం ఎందుకంటే, నోట్సో స్లయిడ్లో నిండుగా తెరుచుకున్న వక్తకి జూమ్ చాట్ కనబడదు. గంట కొట్టినా వినబడకపోవచ్చు.

కార్యక్రమం వేసుకునేటప్పుడు ముగ్గురినీ వరసన పెట్టొద్దు. తెర వంక ముప్పావుగంట చూస్తూ ఎవరూ కూర్చోరు. హాల్లో ఒకరు, తెర మీద ఒకరు. జ్యోతి ప్రజ్వలన అయ్యీ అవ్వగానే దూరపు వక్తని పెట్టొద్దు, మన సభలు ఏ టైముకి మొదలవుతాయో మనకి తెలుసు. దూరపు వక్త టైము రైలు టైము లాంటిదని వేదిక మీదివారికి ముందే చెప్పండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే సర్దుకోవాల్సింది హాల్లో ఉన్నవారి ప్రసంగాలు, డల్లాస్‌లో పొద్దున్నే లేచి స్నానం చేసి కూర్చున్నాయన కాదు.

ఇక ‘వినబడుతోందా’. ఆ మాట సభలో అసలు రాకూడదు, ఎందుకంటే ఆ పరీక్ష అరగంట ముందే మీ మనిషి చేసేసి ఉంటాడు. వక్తని పరిచయం చేస్తుండగానే స్పాట్‌లైట్ పడాలి, మ్యూట్ తియ్యమన్న అభ్యర్థన రెండో లాప్‌టాప్ నుంచి ఆయన తెర మీదికి పోవాలి. సభ నడిపేవారు పరిచయం ముగించి, ‘మీరు మాకు చక్కగా కనబడుతున్నారు, వినబడుతున్నారు, మొదలుపెట్టండి’ అని, ఒకటి, రెండు అని మనసులో లెక్కపెట్టుకుని ఆగాలి. ఆలస్యం వల్ల ఆయన ‘నమస్కారం’ మీకు కాస్త వెనకగా వస్తుంది. ఈలోపు హాల్లోంచి ‘హలో’ అన్నారంటే ఇద్దరి మాటా ఢీకొని జూమ్ ఒకరి గొంతు నొక్కేస్తుంది. మధ్యలో ‘ఆహా’ అనాలనిపించినా మైకులో అనొద్దు.

ప్రశ్నలు చీటీల మీద రాయించి సభ నడిపేవారే చదవాలి. కార్డ్‌లెస్ మైకు హాలంతా తిప్పితే అది స్పీకర్ల ముందుకి వెళ్ళి కుయ్యిమంటుంది, ప్రశ్న కూడా ప్రసంగమైపోతుంది. ఆ మైకుకి కొత్త బ్యాటరీలు మాత్రం రెండు జతలు ఉంచుకోండి.

లైను తెగితే ఏం చెయ్యాలో ముందే రాసి ఉంచుకోవాలి. నిమిషన్నర ఆగండి, ఈలోపు సభ నడిపేవారు మాట్లాడటానికి ఒక చిన్న సంగతి దగ్గర పెట్టుకోవాలి. రాకపోతే బొమ్మ వదిలేసి మామూలు ఫోను చేసి, ఆ ఫోనుని మిక్సర్‌కి కలపండి. తెర మీద ఆయన ఫొటో పెడితే చాలు. ఆ తీగ కూడా రిహార్సల్ రోజే గుచ్చి చూసి ఉండాలి, ఈమధ్య ఫోన్లకి ఇయర్‌ఫోన్ రంధ్రమే ఉండటం లేదు. అదీ కుదరకపోతే ముందే తెప్పించుకున్న పది నిమిషాల వీడియో. ఆ వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. దాన్ని మీరు చూపించేటప్పుడు జూమ్‌లో తెర పంచుతూ ‘షేర్ సౌండ్’ టిక్కు పెట్టకపోతే దూరంగా ఉన్న మిగతా ఇద్దరికీ మూగబొమ్మే.

డిసెంబరు అంటున్నారు, కావలి తీరం. ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫాను ఎప్పుడు పడుతుందో తెలియదు. మండపానికి జనరేటర్ ఉంది కదా అనుకోవద్దు. కరెంటు పోయి జనరేటర్ అందుకునే పదీ ఇరవై సెకన్లలో రౌటర్ ఆగిపోతుంది, మళ్ళీ నెట్ పట్టుకోవడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటుంది. రౌటర్‌కీ ఫైబర్ డబ్బాకీ 12 వోల్టుల మినీ యూపీఎస్‌లు, మిక్సర్‌కి కంప్యూటర్ యూపీఎస్ ఒకటి. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. ప్రొజెక్టర్ ఆగితే ఆగనివ్వండి, మాట ఆగకూడదు. రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి వైఫై కాదు, లాన్ కేబుల్ లాగండి, వంద మీటర్ల దాకా ఇబ్బంది లేదు. ఫైబర్ తెగితే వాడటానికి రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములున్న ఫోన్లు, యూఎస్‌బీ తీగతో కలిపేట్టు. రోజుకి 1.5 జీబీ ప్యాకు మూడు గంటల సభకి చాలకపోవచ్చు, అయిపోతే స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ముందే డేటా వేయించండి. ఖాళీ మండపంలో సిగ్నల్ చూసి సంబరపడొద్దు, నూట యాభై ఫోన్లు అదే టవర్ మీద పడ్డాక కథ వేరు.

యూట్యూబ్ లైవ్ పెట్టాలా అని కూడా అడిగారు. పెట్టుకోవచ్చు, కానీ కొత్త ఛానల్లో లైవ్ తెరవడానికి ఫోను నంబరుతో ధ్రువీకరించి 24 గంటల దాకా ఆగాలి, సభ రోజు పొద్దున మొదలుపెడితే కాదు. లైవ్ అసలు సభకంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. హాల్లో ఒక్కరు ఫోనులో సౌండుతో తెరిచినా పక్కనున్న మైకు పట్టుకుంటుంది, మొదట్లోనే చెప్పి కట్టేయించండి. సభకి ముందు జనం వచ్చేదాకా సినిమా పాటలు వేసే అలవాటుంటే, లైవ్ మొదలుపెట్టక ముందే ఆపేయమని మైక్‌సెట్ అబ్బాయికి చెప్పండి. కాపీరైటు పట్టుకుంటే రికార్డింగులో ఆ భాగం మూగబోతుంది, ఒక్కోసారి లైవే ఆగుతుంది. శాలువా సంగతికొస్తే, దూరపు వక్తల శాలువాలు ముందే కొరియర్ చేసి ఇంట్లోవాళ్ళచేత కప్పించండి, తెరకి కప్పి ఫొటో దిగే పని వద్దు. డల్లాస్‌కి కాస్త ముందుగా పంపాలి.